స్కోపస్ గ్యారంటీ అని మెయిల్ వచ్చింది, 12,500 కట్టమంటున్నారు. గోప్యత మీద పేపర్ ఎక్కడికి పంపాలి?

కోనసీమ_స్కాలర్ · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేనొక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్‌గా పీహెచ్‌డీ చేస్తున్నాను. డ్వాక్రా గ్రూపుల్లోని ఆడవాళ్లు ఓటీపీ ఎవరికి చెబుతారు, ఫోను ఎవరి చేతికిస్తారు, ఇచ్చేటప్పుడు మనసులో ఏమనుకుంటారు అన్నది నా అంశం. రెండేళ్లలో మా మండలంలో నలభై మందికి పైగా ఆడవాళ్లతో వాళ్ల అరుగుల మీద కూర్చుని మాట్లాడాను. ఒకావిడ మాట ఇంకా నా చెవిలోనే ఉంది: "సచివాలయంలో వేలు పడకపోతే ఓటీపీ అడుగుతారమ్మా. ఆధార్‌కి లింకైన నంబరు మా అబ్బాయిది, వాడు హైదరాబాద్‌లో ఉంటాడు. నేను ఫోన్ చేస్తే అంకెలు గట్టిగా చెబుతాడు, నాకు వినపడక మళ్లీ మళ్లీ అడుగుతా, నేనూ గట్టిగా చెబుతా. లైన్లో ఉన్నోళ్లందరికీ తెలిసిపోతాయి."

ఇదంతా పేపర్‌గా రాసి పోయిన బుధవారం ఒక అంతర్జాతీయ సదస్సుకు పంపాను. శనివారానికే అంగీకారం వచ్చేసింది. రివ్యూ ఏమీ లేదు, అభినందనలు అని ఒక పేజీ. స్కోపస్‌లో, అంటే పరిశోధన పేపర్ల అంతర్జాతీయ సూచికలో, పేపర్ ఎక్కడం గ్యారంటీ అట, శుక్రవారంలోగా 12,500 రూపాయలు కట్టాలట. అదే సదస్సులో సివిల్, ఫార్మసీ, మేనేజ్‌మెంట్ పేపర్లు కూడా ఉన్నాయి. మా గైడ్ గారు మంచివారు, కానీ ఆయన రంగం వేరు. "స్కోపస్ ఉంటే చాలమ్మా, కట్టెయ్" అన్నారు. నాకు చెయ్యి రావడం లేదు. ఇంటర్నెట్, గోప్యత, భద్రత, ప్రభుత్వ విధానం మీద అసలైన సదస్సులు ఏవి? నాలాంటివాళ్లు పంపొచ్చా?

రాత్రి_షిఫ్ట్ · ఆదివారం రాత్రి 10:05

కట్టకండి మేడమ్. మూడు రోజుల్లో పేపర్ చదివి, ముగ్గురు రివ్యూ రాసి, కమిటీ చర్చించడం అయ్యే పని కాదు. నేను హైదరాబాద్‌లో సెక్యూరిటీ ఉద్యోగం చేస్తాను, మా టీమ్‌లో ఒకరు మంచి సదస్సుకు పంపితే జవాబు రావడానికి నెలలు పట్టింది.

ముందు ప్రోగ్రామ్ కమిటీ పేర్లు చూడండి. అందులో ఇద్దరి ముగ్గురి సొంత పేజీలకు వెళ్లి, తాము ఆ కమిటీలో ఉన్నామని వాళ్లు రాసుకున్నారో లేదో చూడండి. తర్వాత పోయినేడాది పేపర్లు తెరిచి చదవండి. డీబీఎల్‌పీ అని కంప్యూటర్ సైన్స్ పేపర్ల ఉచిత ఆన్‌లైన్ జాబితా ఉంది, అందులో ఆ సదస్సు పేరు కొట్టి చూడండి. సివిల్, ఫార్మసీ, సెక్యూరిటీ ఒకే గొడుగు కింద ఉంటే అక్కడ మీ పేపర్ అర్థమయ్యే మనిషి ఉండడు.

ఓరుగల్లు_కుర్రాడు · ఆదివారం రాత్రి 10:31

అక్కా, నేను కట్టాను. బీటెక్ ఫైనలియర్‌లో, మా బ్యాచ్ అంతా కట్టినం. తొమ్మిది వేలు నాన్న దగ్గర తీసుకున్న. సర్టిఫికెట్ మెయిల్‌లో వచ్చింది, సదస్సు ఎక్కడ జరిగిందో ఇప్పటికీ తెలియదు. ఏడాది తిరగకముందే ఆ వెబ్‌సైట్ కనపడకుండ పోయింది. ఇంటర్వ్యూలో ఒక సారు "లింకు చూపించు" అంటే నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. మీది రెండేళ్ల కష్టం. ఒకసారి అక్కడ అచ్చయితే మళ్లీ మంచి చోటికి పంపనియ్యరు, అది గుర్తుపెట్టుకోండి.

కోనసీమ_స్కాలర్ · ఆదివారం రాత్రి 10:44

అది నాకు తెలియదు తమ్ముడూ. ఇప్పుడే ఉపసంహరించుకుంటున్నానని మెయిల్ పెట్టాను.

చలిదేశం_నుంచి · సోమవారం ఉదయం 6:20

మంచి పని చేశావమ్మా. నేను ఇదే రంగంలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను, రివ్యూలు కూడా రాస్తుంటాను. కొంచెం ఓపిగ్గా రాస్తాను.

సెక్యూరిటీలో పెద్ద సదస్సులు నాలుగని చెప్పుకుంటాం. ఐఈఈఈ సెక్యూరిటీ అండ్ ప్రైవసీ 1980 నుంచి ఉంది. ఊరు మారి చాలా ఏళ్లయినా పాతవాళ్లు దాన్ని ఓక్లండ్ అనే పిలుస్తారు. యూజ్నిక్స్ సెక్యూరిటీ, ఏసీఎం సీసీఎస్, ఎన్‌డీఎస్ఎస్ మిగతా మూడు. మన రంగంలో ఇవే జర్నళ్లతో సమానం, కొన్నిసార్లు ఎక్కువ కూడా. పేపర్ పూర్తిగా రాసి పంపాలి, రచయితల పేర్లు రివ్యూ చేసేవాళ్లకు తెలియవు, ఎక్కువ పేపర్లు తిరస్కారానికే గురవుతాయి. యూజ్నిక్స్ సంస్థ 2008 నుంచి తన పేపర్లన్నీ ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టింది. నువ్వు కాలేజీ లైబ్రరీకి పోనక్కర్లేదు, ఈ రాత్రే చదవడం మొదలుపెట్టొచ్చు.

కానీ నీ పేపర్ చోటు ఈ నాలుగిట్లో కాదనిపిస్తోంది. నువ్వు రాసింది మనుషుల గురించి. దానికి రెండు ఇళ్లున్నాయి. ఒకటి సూప్స్. భద్రత, గోప్యత సాధనాలను మామూలు మనుషులు ఎలా వాడతారన్నదే దాని విషయం. 2005లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లోరీ క్రేనర్ మొదలుపెట్టారు, 2018 నుంచి చాలా ఏళ్లు యూజ్నిక్స్ సెక్యూరిటీ పక్కనే జరుగుతూ వచ్చింది. రెండోది పెట్స్, గోప్యతను కాపాడే సాంకేతికతల సదస్సు. 2000లో బర్క్‌లీలో చిన్న వర్క్‌షాప్‌గా మొదలైంది. 2015 నుంచి పేపర్లు జర్నల్ సంచికలుగా వస్తున్నాయి. దానికి ఏడాదికి నాలుగు గడువులు: మే, ఆగస్టు, నవంబరు, ఫిబ్రవరి నెలాఖర్లు. పేపర్‌లో సరుకుండి రాతలో లోపముంటే పూర్తిగా తోసెయ్యకుండా, సరిచేసి మళ్లీ పంపమని అడుగుతారు. మొదటిసారి రాసేవాళ్లకు అది ఎంత మేలో నాకు తెలుసు, నా మొదటి పేపర్ బతికింది అలాగే.

నీ దారిలో ముందు నడిచినవాళ్లున్నారు, వాళ్లను తప్పక చదువు. 2005లో పొన్నురంగం కుమారగురు, లోరీ క్రేనర్ కలిసి భారతీయులు గోప్యతను ఎలా చూస్తారన్న పేపర్‌ను ఇదే పెట్స్‌లో చదివారు. ఆ కుమారగురు గారు ఇప్పుడు మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్. 2018లో సూప్స్‌లో నిత్య సాంబశివన్ బృందం భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఆడవాళ్ల ఫోన్ల మీద పేపర్ ఇచ్చింది. ఇంట్లో నలుగురి చేతుల్లో తిరిగే ఫోన్‌లో ఆడమనిషి తన విషయాలు ఎలా దాచుకుంటుందన్నది అందులో ఉంది: ఫోన్‌కి తాళం, ఒక్కో యాప్‌కి తాళం, చూపించకూడనివి చెరిపెయ్యడం, ప్రైవేట్ మోడ్, అసలు వాడకపోవడం. నువ్వు చెప్పిన సచివాలయం లైన్ మాత్రం అందులో లేదు. ఆ లైనే నీ పేపర్.

రిటైర్డ్_మాస్టారు · సోమవారం ఉదయం 8:15

అమ్మా, మీ గైడ్‌ను తప్పు పట్టకండి. ముప్ఫై ఏళ్లు యూనివర్సిటీలో పనిచేసినవాడిగా ఈ జబ్బు ఎక్కడ మొదలైందో చెబుతాను. థీసిస్ ఇచ్చే ముందు ఒక జర్నల్ పేపర్, రెండు సదస్సు ప్రసంగాలు ఉండాలని యూజీసీ 2016 నిబంధనల్లో పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ దేశమంతటా వేలమంది పిల్లలకు ఒకేసారి రెండేసి సదస్సులు కావాల్సి వచ్చాయి. కావాలన్నవాడు ఉంటే అమ్మేవాడు పుడతాడు. 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. అయినా చాలా కాలేజీల్లో, ప్రమోషన్ల లెక్కల్లో ఆ అలవాటు పోలేదు. మీ యూనివర్సిటీ ఇప్పుడు ఏమి అడుగుతోందో కాగితం మీద చూడండి. పాత రూలునే కొత్తదనుకుని మాట్లాడేవారు ఎక్కువ.

ఒక విషయంలో మాత్రం నాకు భేదాభిప్రాయం ఉంది. కంప్యూటర్ సైన్స్‌లో సదస్సే గొప్పదని అంటారు, ఒప్పుకుంటాను. కానీ మీది సగం సమాజశాస్త్రం. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ లాంటి చోట వస్తే దాన్ని ఢిల్లీలో విధానం రాసేవారు చదువుతారు. 2017లో ఆధార్ గోప్యత మీద ఐఐటీ ఢిల్లీ కంప్యూటర్ సైన్స్ వారు రాసిన వ్యాసం అక్కడే వచ్చింది. సదస్సు గదిలో మూడు వందల మంది వింటారు, వెళ్లిపోతారు.

చలిదేశం_నుంచి · సోమవారం ఉదయం 9:02

మాస్టారూ, మీ మాట కాదనను. కానీ ఆ మూడు వందల మందిలో ఫోన్ల లాక్ స్క్రీన్ డిజైన్ చేసేవాళ్లుంటారు, ఓటీపీ ఎలా రావాలో తేల్చేవాళ్లుంటారు. 2008 ఓక్లండ్‌లో అరవింద్ నారాయణన్, విటాలీ ష్మటికోవ్ ఒక పేపర్ ఇచ్చారు. పేర్లు తీసేసి నెట్‌ఫ్లిక్స్ బయటపెట్టిన సినిమా రేటింగుల్లోంచి మనుషుల్ని మళ్లీ గుర్తుపట్టొచ్చని చూపించారు. నెట్‌ఫ్లిక్స్ ఆ తర్వాత పెట్టాలనుకున్న రెండో పోటీని 2010లో విరమించుకుంది. పేరు తీసేస్తే చాలు, డేటా భద్రమే అనే నమ్మకం ఆ పేపర్‌తో బాగా సడలింది. సదస్సు పేపర్‌కి కూడా అంత బలం ఉంటుంది.

న్యాయ_పాఠం · సోమవారం మధ్యాహ్నం 1:30

నేను లా కాలేజీలో టెక్నాలజీ చట్టాలు చెబుతాను. మా వైపు సదస్సులు ఇంకో రకం, అవి తెలిస్తే ఈ అమ్మాయికి ఉపయోగం.

అమెరికాలో టీపీఆర్‌సీ అని ఉంది. 1972 నుంచి టెలికాం, ఆ తర్వాత ఇంటర్నెట్ విధానం మీద ఆర్థికవేత్తలు, లాయర్లు, ఇంజినీర్లు అక్కడ కలుస్తున్నారు. ముందు సారాంశం పంపితే చాలు, ఒప్పుకున్నాక పేపర్ రాయాలి. ప్రైవసీ లా స్కాలర్స్ కాన్ఫరెన్స్ అని ఇంకొకటి, 2008లో డేనియల్ సొలోవ్, క్రిస్ హూఫ్‌నగల్ మొదలుపెట్టారు. అందులో రచయిత మాట్లాడడు. ఇంకొకరు ఆ పేపర్‌ను పరిచయం చేస్తారు, గదిలో అందరూ ముందే చదువుకుని వస్తారు, రచయిత వింటూ రాసుకుంటాడు. ప్రచురణ కూడా ఉండదు. మొదటిసారి ఆ పద్ధతి గురించి విన్నప్పుడు ఆశ్చర్యపోయాను. మన సెమినార్లలో వేదిక మీద శాలువాలు, జ్ఞాపికలు, స్వాగతోపన్యాసాలకే గంటన్నర పోతుంది. పేపర్‌కి మిగిలేది ఏడు నిమిషాలు. మేము పోయినేడాది మా డిపార్ట్‌మెంట్‌లో ఆ పద్ధతి పెట్టి చూశాం, ఎనిమిది మంది, ఒక డ్రాఫ్ట్, రెండు గంటలు. మా పిల్లలు అంత బాగా చదువుకుని రావడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో మాట. మీరు మాట్లాడిన ఆడవాళ్ల వివరాలు ఎక్కడ దాచారు? డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సెక్షన్ 17లో పరిశోధనకు మినహాయింపు ఉంది. కానీ షరతులతో. ఆ డేటాతో ఆ వ్యక్తి గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిబంధనల్లో చెప్పిన ప్రమాణాలు పాటించాలి.

కోనసీమ_స్కాలర్ · సోమవారం మధ్యాహ్నం 2:10

మేడమ్, మీరడిగాక నాకు టెన్షన్ మొదలైంది. రికార్డింగులన్నీ నా ఫోన్‌లోనే ఉన్నాయి, అక్కడి నుంచి ఆటోమేటిక్‌గా క్లౌడ్‌లోకి వెళ్తున్నాయి. ఫైళ్లకు వాళ్ల పేర్లే పెట్టాను. ఒకరిద్దరు మాటల మధ్యలో ఆధార్ నంబరు కూడా చదివేశారు.

రాత్రి_షిఫ్ట్ · సోమవారం మధ్యాహ్నం 2:25

కంగారు పడకండి మేడమ్, ఇప్పుడే సరిచేసుకోవచ్చు. ముందు ఆ ఫోల్డర్‌కి క్లౌడ్ బ్యాకప్ ఆపండి. ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకోండి, ఇంకో కాపీ వేరే చోట బీరువాలో. తర్వాత క్లౌడ్‌లోవి తీసెయ్యండి, ట్రాష్‌లోంచి కూడా. పేర్ల బదులు అంకెలు పెట్టండి. ఏ అంకె ఎవరిదో రాసిన కాగితం వేరుగా తాళం వేసి ఉంచండి. ఆధార్ నంబరు వినిపించే ముక్కను ఆడియోలోంచి కత్తిరించండి. రాతప్రతి పూర్తయ్యాక ఆడియో ఎప్పుడు చెరిపేస్తారో ఒక తేదీ రాసి గైడ్ గారి సంతకం తీసుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఇచ్చిన నివేదికలో, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని లెక్కగట్టారు. ఆ నాలుగిట్లో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వి: చంద్రన్న బీమా, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పోర్టల్. ఆ జాబితాల్లో ఉన్నది ఇలాంటి ఆడవాళ్లే. ఒకసారి వాళ్ల వివరాలు బయటపడ్డాయి. మన చేతిలోంచి మళ్లీ పోకూడదు.

చలిదేశం_నుంచి · సోమవారం రాత్రి 7:48

రివ్యూలో మొదట అడిగేది కూడా అదే. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఒప్పుకోలు ఎలా తీసుకున్నావు, వాళ్లకు హాని జరగకుండా ఏం చేశావు. యూజ్నిక్స్ సెక్యూరిటీ 2025 నుంచి ప్రతి పేపర్‌లోనూ నైతిక అంశాల మీద ప్రత్యేక భాగం తప్పనిసరి చేసింది. 2020లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్‌కి కావాలనే లోపాలున్న మార్పులు పంపి, రివ్యూ చేసేవాళ్లు పట్టుకుంటారా లేదా అని చూశారు. ఆ పేపర్ ఓక్లండ్‌కి ఎంపికయ్యింది కూడా. చెప్పకుండా మనుషుల మీద ప్రయోగం చేశారని 2021లో పెద్ద గొడవై రచయితలే వెనక్కి తీసుకున్నారు. అప్పటి నుంచి కమిటీలు ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటున్నాయి, ఉండాలి కూడా.

మీ కాలేజీలో ఎథిక్స్ కమిటీ లేకపోతే యూనివర్సిటీలో ఉంటుంది. ఆలస్యమైనా వెళ్లి అడుగు. ఊరి పేరు, మండలం పేరు పేపర్‌లో వద్దు. గోదావరి జిల్లాల్లో ఒక పల్లె అంటే చాలు.

ఓరుగల్లు_కుర్రాడు · సోమవారం రాత్రి 8:20

ఒక మాట అడుగుతా, తప్పయితే క్షమించండి. మన ఆడవాళ్ల మాటలు, మన సచివాలయం లైను. దీన్ని విమానమెక్కి అమెరికాల చెప్పాలె, ఇంగ్లీషుల రాయాలె, వాళ్లు ఒప్పుకుంటేనే విలువ అంటే నాకు బాధనిపిస్తది. మన దగ్గర సదస్సులు పెట్టుకోలేమా?

పాతబస్తీ_నెటిజన్ · సోమవారం రాత్రి 9:55

తమ్ముడూ, పెట్టుకున్నాం. నేను రెండు చూశాను, రెండూ మన హైదరాబాద్‌లోనే.

2008 డిసెంబరు 3 నుంచి 6 వరకు ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం మూడో సమావేశం హెచ్ఐసీసీ కన్వెన్షన్ సెంటర్‌లో జరిగింది. అందరికీ ఇంటర్నెట్ అన్నది దాని నినాదం. ముంబై దాడులు జరిగి వారం కూడా కాలేదు. చాలామంది రావడం మానుకున్నారు, గేటు దగ్గర సంచులు తెరిచి తెరిచి చూస్తున్నారు. భద్రతకు, గోప్యతకు మధ్య ఎక్కడ గీత గీయాలన్న చర్చను అలాంటి వారంలో వినడం వేరు. లోపల ఒక విదేశీయుడు నిఘా ప్రమాదాల గురించి చెబుతుంటే నా పక్కనున్న పెద్దమనిషి, "మా తమ్ముడు ముంబై సీఎస్టీ స్టేషన్‌లో ఉన్నాడు ఆ రాత్రి" అని మెల్లగా అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆ చర్చ నాకు పూర్తిగా మారిపోయింది.

2016 నవంబరులో ఐకాన్ 57వ సమావేశం. ఐకాన్ అంటే వెబ్‌సైట్ల పేర్ల (డొమైన్ పేర్ల) వ్యవస్థను చూసుకునే అంతర్జాతీయ సంస్థ. అది ప్యూర్టో రికోలో జరగాల్సింది, జికా వైరస్ వల్ల మనకొచ్చింది. డొమైన్ పేర్ల వ్యవస్థ మీద అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ అక్టోబరు 1న ముగిసింది, ఆ తర్వాత మొదటి సమావేశం ఇదే. 8వ తేదీ రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని ప్రకటన వచ్చింది. మర్నాడే ఆఖరి రోజు, బ్యాంకులు మూత, ఏటీఎంలు మూత. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకాయన చేతిలో నాలుగు 500 నోట్లు పట్టుకుని ఆటో దొరక్క నిలబడ్డాడు. నేను నా బండి మీద దించాను. దారిలో ఆయన అడిగాడు, "మీ ఊళ్లో కార్డు లేనివాళ్లు ఈ రోజు అన్నం ఎలా తింటారు?" మూడు రోజులుగా లోపల మేం మాట్లాడుకున్న వాటిలో ఆ ప్రశ్న లేదు.

అందుకే చెబుతున్నా. ఊరు మనదైనంత మాత్రాన సరిపోదు. లోపల మాట్లాడేవాళ్లలో మనవాళ్ల అనుభవం ఉండాలి. ఈ అమ్మాయి పేపర్‌లో అది ఉంది, ఎక్కడ చదివినా ఉంటుంది.

రాత్రి_షిఫ్ట్ · సోమవారం రాత్రి 10:30

మన దేశంలో పరిశోధన సదస్సులు కూడా ఉన్నాయి. సమాచార వ్యవస్థల భద్రత మీద ఐసీఐఎస్ఎస్ 2005 నుంచి ఏటా డిసెంబరులో వేర్వేరు ఊళ్లలో జరుగుతోంది, హైదరాబాద్‌లోనూ జరిగింది. ఇండోక్రిప్ట్ 2000 నుంచి ఉంది, 2019లో హైదరాబాద్‌లోనే. అది క్రిప్టోగ్రఫీ, అంటే సమాచారాన్ని సంకేతాలుగా మార్చి దాచే గణితం, మేడమ్ పేపర్‌కి కుదరదు.

మన విషయాలు పెద్ద సదస్సులకు వెళ్తే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెప్తాను. యూపీఐ మీద మిషిగన్ యూనివర్సిటీలో రేణుకా కుమార్ బృందం చేసిన పని 2020 యూజ్నిక్స్ సెక్యూరిటీలో వచ్చింది. ఏడు యాప్‌లను విప్పి చూసి, మొదటి యూపీఐ డిజైన్‌లోనే లోపాలున్నాయని చూపించారు. దాడి చేసేవాడి యాప్ ఒకటి ఫోన్‌లో ఉంటే, యూపీఐ ఎన్నడూ వాడని మనిషి ఖాతా కూడా ఖాళీ కావచ్చని తేలింది. లోపాలను ముందే సంబంధితులకు తెలియజేశారు, అందులో ముఖ్యమైనది యూపీఐ 2.0లో సరిచేశారు. పరిశోధన పనికొచ్చిందంటే అది.

రెండోది మన హైదరాబాద్‌దే. ఓటింగ్ యంత్రాల భద్రత మీద 2010 సీసీఎస్‌లో ఒక పేపర్ వచ్చింది, ఎనిమిది మంది రచయితల్లో నలుగురు హైదరాబాద్ సంస్థలో పనిచేసేవాళ్లు. దానికి ముందు ఆ ఆగస్టులోనే వాళ్లలో ఒకరైన హరిప్రసాద్ గారిని, ఆ యంత్రం ఎక్కడిదో చెప్పాలంటూ అరెస్టు చేసి ముంబై తీసుకెళ్లారు. వారం తర్వాత బెయిల్ వచ్చింది. ఆ ఏడాదే అమెరికాలో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయనీర్ అవార్డు ఇచ్చింది. పేపర్ తేల్చినదాని మీద ఎవరి అభిప్రాయం ఏదైనా కానివ్వండి, పరిశోధన చేసే మనిషికి రక్షణ ఎక్కడ ఉందన్న ప్రశ్న అప్పుడు నన్ను చాలా కదిలించింది. నేను ఈ ఉద్యోగంలోకి రావడానికి అదొక కారణం. మేడమ్, మీది ఇంటర్వ్యూల పని కాబట్టి అంత భయం లేదు. కానీ ఫలానా సచివాలయంలో ఫలానా ఉద్యోగి అని తెలిసేలా ఏదీ రాయకండి. ఆ చిన్న ఉద్యోగి మీద పడుతుంది.

కోనసీమ_స్కాలర్ · మంగళవారం ఉదయం 5:50

రాత్రంతా చదివాను. రెండు భయాలు మిగిలాయి. నా ఇంగ్లీషు, నా డబ్బు. వీసా గురించి ఇంట్లో ఎత్తితేనే మా అత్తగారు "పిల్లాణ్ణి ఎవరు చూస్తారు" అంటారు.

చలిదేశం_నుంచి · మంగళవారం ఉదయం 6:40

ఇంగ్లీషు నేను చూస్తాను. సాదా వాక్యాలు రాయి, రివ్యూ చేసేవాళ్లకు అదే ఇష్టం. డబ్బు విషయం: పెట్స్‌లో పేపర్ అచ్చుకు రుసుము లేదు, సదస్సు రిజిస్ట్రేషన్ మాత్రం ఒక రచయిత కట్టాలి. విద్యార్థులకు సాయం ఉంటుంది, ముందే దరఖాస్తు పెట్టాలి. ఏసీఎం ఇండియా, ఐఏఆర్‌సీఎస్ అనే కంప్యూటర్ సైన్స్ సంఘాలు కలిసి మన దేశపు విద్యార్థులకు ప్రయాణ సాయం ఇస్తాయి, పేపర్ ఎంపికయ్యాక చూడు. రాలేనివాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పే వీలు చాలాచోట్ల ఉంటుంది, పంపే ముందే నిర్వాహకులకు మెయిల్ రాసి అడుగు. సిగ్గు పడకు. ఆ మెయిల్స్‌కి జవాబిచ్చేది నాలాంటివాళ్లమే.

ముందు ఒక పని చెయ్యి. నీ పేపర్ శీర్షిక, మొదటి పేరా ఇక్కడ పెట్టు.

కోనసీమ_స్కాలర్ · మంగళవారం ఉదయం 7:05

శీర్షిక తెలుగులో చెబితే: గ్రామీణ మహిళల్లో డిజిటల్ గోప్యతపై అవగాహన లోపం. మొదటి పేరాలో అక్షరాస్యత తక్కువ కావడం వల్ల ఓటీపీ ప్రమాదం వాళ్లకు తెలియడం లేదని రాశాను.

న్యాయ_పాఠం · మంగళవారం ఉదయం 9:30

ఇది వాళ్లు చెప్పిన మాటేనా, మీరు అనుకున్నదా? మీ మొదటి పోస్టులో ఆవిడ చెప్పింది చదివితే, తెలియదని నాకనిపించలేదు. లైన్లో అందరికీ వినపడుతోందని ఆవిడే చెప్పింది.

కోనసీమ_స్కాలర్ · గురువారం రాత్రి 9:15

మేడమ్ అడిగిన ప్రశ్నతో రెండు రోజులు నిద్ర పట్టలేదు. నిన్న సాయంత్రం గ్రూపు మీటింగ్‌కి వెళ్లి, పేపర్ సారాంశం తెలుగులో చెప్పుకుని వాళ్లకు చదివి వినిపించాను. పన్నెండు మంది ఉన్నారు. అవగాహన లోపం అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఒకావిడ ఆపేసింది. "తెలియక చెప్పట్లేదమ్మా. చెప్పకపోతే ఆ పూట పని అవదు, మళ్లీ కూలి మానుకుని రావాలి. అందుకు చెబుతున్నాం" అంది. పక్కావిడ ఇంకోటి చెప్పింది. తను ఓటీపీ చెప్పేది ఎప్పుడూ ఒకే అమ్మాయికట, ఆ అమ్మాయి లేని రోజు వెనక్కి వచ్చేస్తుందట. రెండేళ్లలో నేను అడగని ప్రశ్న ఇది. ఎవరికి చెప్పకూడదో వాళ్లకు వాళ్ల లెక్క ఉంది.

శీర్షిక కొట్టేశాను. రెండో అధ్యాయం మళ్లీ రాయాలి. ఇంకో పదిహేను మందిని మళ్లీ కలవాలి, ఈసారి ఆ లెక్క గురించే అడగాలి. ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాను, ఈ నెలలోనే కూర్చుంటారట. గైడ్ గారికి పెట్స్ సంచికలు చూపించాను, ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్న జర్నలే కదా అని ఒప్పుకున్నారు.

రిటైర్డ్_మాస్టారు · గురువారం రాత్రి 9:40

అమ్మా, కూలి మానుకుని రావాలి అన్న మాటను పేపర్‌లో తెలుగులోనే ఉంచండి, కింద ఇంగ్లీషు అర్థం ఇవ్వండి. తర్వాత ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీకి దీన్నే విధానం కోణంలో వేరే వ్యాసంగా రాద్దాం. వేలు పడని రోజున ఓటీపీ తప్ప ఇంకో దారి ఎందుకు ఉండకూడదన్నది అక్కడ అడగాల్సిన ప్రశ్న. నేను కూడా కూర్చుంటాను.

ఓరుగల్లు_కుర్రాడు · గురువారం రాత్రి 9:52

అక్కా, రాతప్రతులు టైప్ చెయ్యడానికి మనిషి కావాలంటే నేనున్న. పేర్లు తీసేసినాకే పంపండి.

చలిదేశం_నుంచి · శుక్రవారం ఉదయం 6:10

ఇప్పుడు ఇది పేపర్. ఫిబ్రవరి 28 గడువుకు పెట్టుకుందాం. వాళ్ల గడువు భూమ్మీద ఆఖరి చోట అర్ధరాత్రి అయ్యేవరకు ఉంటుంది, అంటే మనకు మార్చి 1 సాయంత్రం 5:29. అయినా ఆఖరి గంట దాకా ఆగకు, 27 రాత్రికే ఒక కాపీ ఎక్కించెయ్. ఇంటర్వ్యూలు పూర్తయ్యాక కొత్త మొదటి పేరా పంపు, అది చూశాకే మిగతాది రాద్దువుగాని.

కోనసీమ_స్కాలర్ · శుక్రవారం ఉదయం 6:32

సరే అక్కా. శనివారం గ్రూపు వాయిదా కట్టే రోజు, అందరూ వస్తారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.